ఆది ఎవరిది? రవిక కత్తిరింపులో స్త్రీల చరిత్ర

మన భాషలో ఈ ఒక్క తొడుగుకి ఎన్ని పేర్లో చూడండి. కావ్యాల్లో అది కంచుకం, కుప్పసం. ఊళ్ళలో రవిక, రైక. కోస్తా పట్టణాల్లో జాకెట్టు. మధ్యలో కొంతకాలం జంపరు. ఇప్పుడు బ్లౌజు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి నా చూపు ముందు మాటల మీదికే పోతుంది. కుప్పసం గురించి వర్ణించిన కవులకి లోటు లేదు. కానీ వాళ్ళంతా దాన్ని బయటినుంచే చూశారు. అది బిగుసుకోవడం, ముడి వీడిపోవడం వాళ్ళకి శృంగారం. తొడుక్కున్న మనిషికి చంక దగ్గర ఒరుసుకుంటోందా, చెయ్యి పైకెత్తి దండెం మీద బట్ట అందుకోగలుగుతోందా, పిల్లకి పాలివ్వడానికి వీలుగా ఉందా అని ఏ ప్రబంధమూ అడిగినట్టు నాకు కనిపించలేదు. దాన్ని ఎవరు కత్తిరించారు, ఏ కొలతతో కత్తిరించారు అన్నది సరేసరి.

ఇంకో మాట ఉంది. అది కావ్యాల్లోది కాదు, దర్జీ కొట్లోది. ఆది. నిఘంటువులో ఆది అంటే మొదలు. కుట్టుపనిలో ఆది అంటే కొలతకోసం ఇచ్చే పాత జాకెట్టు. కొత్త గుడ్డతో పాటు "ఇదిగో ఆది" అని ఒక పాత జాకెట్టు చుట్టి ఇవ్వని ఆడవాళ్ళు మనలో ఎంతమంది? మన ఒంటిని టేపు పెట్టి కొలవనవసరం లేకుండా, మన గురించి ఒక్క మాటా మాట్లాడనవసరం లేకుండా, మన బదులు ఆ పాత గుడ్డ దర్జీతో మాట్లాడుతుంది. సిగ్గు, మర్యాద, మౌనం అన్నీ అందులో చుట్టి ఇచ్చేస్తాం. ఈ ఆది ఎక్కడినుంచి వచ్చింది, అసలు మొదటి కొలత ఎవరి ఒంటిది అన్నదే ఈ వ్యాసంలో నేను వెతుకుతున్న విషయం.

పాతకాలపు రవికలో వంపులు తక్కువ. గుడ్డని నలుచదరంగా, ముక్కోణంగా కోసి అతికేవారు. చంక కింద ఒక చిన్న చదరపు ముక్క వేసేవారు, చెయ్యి ఆడటానికి. ముందు గుండీలూ హుక్సులూ ఉండవు, రెండు కొంగులు తెచ్చి ముడి వేసుకోవడమే. అదే ముడిరవిక. గుడ్డ దాదాపు వృథా పోదు. ఉత్తర కర్ణాటకలో గుళేదగుడ్డ నేతగాళ్ళు ఈనాటికీ రవికల కోసమే ప్రత్యేకంగా నేసే ఖణం ఆ కాలపు కత్తిరింపుకి సాక్ష్యం. అక్కడ నేత, కోత ఒకదాన్నొకటి ఎరిగి ఉండేవి. ముడిరవికలో ఇంకో సౌలభ్యం ఉంది. ఆరోనెల గర్భిణికీ, బాలింతకీ, జ్వరంపడి లేచిన మనిషికీ అదే రవిక సరిపోతుంది. ఒళ్ళు మారితే ముడి మారుతుంది, అంతే. హుక్సు అలా కాదు. అది ఒక అంకె దగ్గర ఆగిపోతుంది. ఆ అంకె దాటిన ఒంటిని అది తప్పుపడుతుంది.

అయితే ముడిరవిక కాలాన్ని స్వర్ణయుగం చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. రవిక ఎవరు తొడుక్కోవచ్చు, ఎవరు తొడుక్కోకూడదు అనేది ఒంటి సుఖం కన్నా ముందు కులం, పితృస్వామ్యం తేల్చిన విషయం. మన అగ్రకులాల ఇళ్ళలో భర్త చనిపోయిన స్త్రీకి తల గొరిగించడంతో పాటు రవిక కూడా తీసేయించారు. పేరంటంలో పసుపు కుంకుమలతో చేతిలో పెట్టే రవికలగుడ్డకి ఆమె అర్హురాలు కాకుండా పోయింది. గుడ్డ ముక్క ఒకటే, ఒకరికి సౌభాగ్యం, ఇంకొకరికి నిషేధం. ఇక పొలాల్లో కష్టం చేసుకునే కులాల ముసలమ్మలు రవిక లేకుండా చీర చుట్టుకుని కనిపించడం 20వ శతాబ్దం మధ్యదాకా మన పల్లెల్లో మామూలే. అందులో పేదరికం ఎంత, అలవాటు ఎంత, కులం కట్టడి ఎంత అని ఒకే తక్కెడలో తూచి చెప్పలేం.

ఆ కట్టడి కాగితం మీద రాసి ఉన్నచోటు తిరువాన్కూరు. అక్కడ నాడార్ స్త్రీలు, పైకులాల ముందు రొమ్ము కప్పుకోకూడదన్న నియమాన్ని ఎదిరించి దశాబ్దాల పాటు పోరాడారు. 1813లో రెసిడెంటు మన్రో, క్రైస్తవంలో చేరిన స్త్రీలు రొమ్ము కప్పుకోవచ్చని ఆదేశమిచ్చాడు. వాళ్ళు వేసుకున్న వదులు చొక్కా పేరు కుప్పాయం. మన కుప్పసానికి చుట్టం ఆ మాట. కానీ ఆ స్త్రీలు అడిగింది ఆ చొక్కా ఒక్కటే కాదు, పైకులాల స్త్రీల లాగా పైవస్త్రం వేసుకునే హక్కు. సంతల్లో వాళ్ళ బట్టలు చింపారు, ఇళ్ళు తగలబెట్టారు. 1859 జులైలో రాజు చేసిన ప్రకటన చూడండి: నాడార్ స్త్రీలు చొక్కా తొడుక్కోవచ్చు, ముతకగుడ్డ కప్పుకోవచ్చు, కానీ పైకులాల స్త్రీలు వేసుకునే పద్ధతిలో మాత్రం వేసుకోకూడదు. అంటే ఒళ్ళు కప్పుకోవడానికి అనుమతి దొరికింది కానీ, ఏ తీరులో కప్పుకోవాలో నిర్ణయించే అధికారం మాత్రం రాజు చేతిలోనే ఉండిపోయింది. కత్తిరింపు రాజకీయం కాదని ఎవరైనా అంటే నాకు ఈ ప్రకటనే గుర్తొస్తుంది.

దాదాపు ఆ కాలంలోనే ఇంకో కొసన, బెంగాలులో, జ్ఞానదానందినీ దేవి బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టడానికి దుస్తులు వెతుక్కుంటోంది. ఆవిడ భర్త సత్యేంద్రనాథ్ టాగోర్ మొదటి భారతీయ ఐ.సి.ఎస్. అధికారి. 1864లో ఆయనతో బొంబాయి వెళ్ళి, పార్సీ స్త్రీల కట్టు చూసి, తనకి అనువుగా మార్చుకుని, లోపల రవిక, లంగాలతో చీర కట్టే పద్ధతిని బెంగాలీ స్త్రీలకి పరిచయం చేసింది. చదువుకున్న కుటుంబాల స్త్రీలు సభలకీ బడులకీ రావడానికి ఆ జాకెట్టు ఒక రకంగా ప్రవేశపత్రం అయింది. దానిలో కొంత స్వేచ్ఛ ఉంది, కొంత విక్టోరియా కాలపు సిగ్గూ ఉంది. రెండింటినీ విడదీయడం కష్టం. మన పట్టణాల్లో కూడా రవిక జాకెట్టు అయింది ఇంచుమించు ఇలాంటి దారిలోనే.

పేరుతో పాటు కత్తిరింపూ మారింది. జాకెట్టు అనే మాట కోటు వంశానిది. 19వ శతాబ్దం మొదట్లో యూరపు దర్జీలు కొలతటేపు వాడకంలోకి తెచ్చుకుని, మగవాళ్ళ కోట్లకోసం ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. ఛాతీ చుట్టుకొలత ఒక్కటి తెలిస్తే చాలు, మిగతావన్నీ దాని భాగాలుగా లెక్కగట్టొచ్చన్నది దాని సారాంశం. ఆ లెక్కల వారసత్వం ఇప్పటికీ మన కుట్టు పుస్తకాల్లో ఉంది. ఛాతీలో నాలుగోవంతు తీసుకో, దానికి వదులు కలుపు. మెడ వెడల్పుకి ఛాతీలో పన్నెండోవంతు తీసుకో. ఛాతీ 36 అంగుళాలుంటే మెడ వెడల్పు మడత మీద 3 అంగుళాలు. లెక్క బాగానే ఉంది. కానీ సన్నటి భుజాలూ నిండు రొమ్ములూ ఉన్న స్త్రీకి ఈ లెక్కతో కోస్తే మెడ భుజాల మీంచి జారిపోతుంది. వెడల్పు భుజాలుండి బక్కగా ఉండే కూలి స్త్రీకి చంక కోసుకుపోతుంది. రొమ్ము కొలతనుంచి మొత్తం మనిషిని లెక్కగట్టడం అన్న ఊహలోనే ఏదో ఉంది కదూ!

ఆ తర్వాత కాగితం వచ్చింది. అమెరికాలో 1860 ప్రాంతంలో ఎలెన్ డెమరెస్ట్ పల్చటి కాగితం నమూనాలు అమ్మడం మొదలుపెట్టింది. 1863లో ఎబెనెజర్ బటరిక్ ఒకే నమూనాని వేర్వేరు సైజుల్లో తయారుచేసి అమ్మాడు. ఆ ఆలోచన అతని భార్య ఎలెన్‌దని చెప్తారు. చరిత్రలో నిలిచిన పేరు మాత్రం బటరిక్ కంపెనీది. దర్జీకి డబ్బు ఇచ్చుకోలేని స్త్రీకి ఆ కాగితం నిజంగా పెద్ద ఆసరా. కాదనను. కానీ సైజు అనే ఊహ దాంతోనే ఇంట్లోకి వచ్చింది. 1939-40లో అమెరికా వ్యవసాయశాఖ దాదాపు 15,000 మంది స్త్రీలని, ఒక్కొక్కరి దగ్గర 59 కొలతల చొప్పున కొలిపించింది. కొలిచిన వాళ్ళలో తెల్లజాతి కాని స్త్రీలు ఉన్నా వాళ్ళ అంకెలు లెక్కలో కలపలేదు. ఆ లెక్కల ఆధారంగానే 1958లో దుస్తుల సైజుల ప్రమాణం వెలువడింది. 1983లో దాన్ని ఉపసంహరించుకున్నారు. మన దేశంలో 2018లో నిఫ్ట్ సంస్థ 25,000 మందిని కొలిచి భారతీయ సైజులు తయారుచేస్తామని ప్రకటించింది. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాదు ఒకటి. మంచిదే. కానీ ఎంతమందిని కొలిచినా సగటు అనేది ఒక అంకె. ఆ అంకెలో ఏ మనిషీ నివసించదు.

ఇక కుట్టుమిషను. యంత్రాలని వ్యతిరేకించిన గాంధీ 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషనుకి మినహాయింపు ఇచ్చాడు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక, ఆమె మీది ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మాడు. 1851లో పేటెంటు తీసుకున్న ఐజాక్ సింగర్ జీవితం చూస్తే, ఒకేకాలంలో ఒకటికి మించిన సంసారాలు, ఇరవైకి పైగా పిల్లలు. ఆ ప్రేమకథ చరిత్రకి నిలవదు. అయినా ఆ కథ మనకి ఎందుకంత నచ్చిందో ఆలోచించాలి. స్త్రీ పనిముట్టుకి కూడా పుట్టుక మగవాడి దయలోంచే ఉండాలని మన కోరిక కాబోలు. ఈ మిషన్లు 1870ల నుంచీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. కొట్లో మిషను తొక్కింది మేరవాళ్ళు, ముస్లిం దర్జీలు, ఎక్కువగా మగవాళ్ళే. ఇంట్లో మిషను మాత్రం ఆడపిల్ల పెళ్ళికి పెట్టిపోతల్లో ఒకటయింది. భర్తలేని స్త్రీకీ, చదువాగిపోయిన స్త్రీకీ జీవనోపాధి అంటే కుట్టుపనే అన్నంతగా సంక్షేమ కార్యక్రమాలన్నిట్లో అది చేరింది. 1937లో దుర్గాబాయి మద్రాసులో ప్రారంభించిన ఆంధ్ర మహిళాసభ లాంటి సంస్థలు చదువుతో పాటు చేతిపనులు నేర్పి ఎంతోమందిని నిలబెట్టాయి. అయితే ఇంట్లో కూర్చుని చేసేది పని కాదు, ఖాళీ సమయపు వ్యాపకం అన్న అభిప్రాయాన్ని అవి చెరపలేకపోయాయి. నరసాపురం లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ 1982లో వేసిన పుస్తకం సరిగ్గా ఈ కిటుకునే బయటపెట్టింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేసే స్త్రీని గృహిణి అనేస్తే ఆమె కూలి తగ్గుతుంది, నైపుణ్యం కనిపించకుండా పోతుంది.

ఆ కనిపించని నైపుణ్యం ఎలాంటిదో నేను దగ్గరుండి చూసిన సందర్భం చెప్తాను.

మా అమ్మకి 2019లో ఎడమ రొమ్ము తీసేశారు. అమ్మ బడిలో టీచరు. సెలవు అయిపోవస్తుంటే జాకెట్ల సమస్య వచ్చింది. ఇరవై ఏళ్ళుగా కుట్టే దర్జీ దగ్గరికి వెళ్ళనంది. ఆయన మంచివాడే. "కొలత మారిందని చెప్పాలంటే ఎందుకు మారిందో చెప్పాలి కదే" అంది. ఆది ఇవ్వడానికి లేదు, పాత జాకెట్లన్నీ వేరే ఒంటివి. చివరికి మా పిన్ని మిషను ముందు కూర్చుంది. పిన్ని పదో తరగతితో ఆగిపోయి, ఆరునెలల కుట్టు శిక్షణ తీసుకుని, పాతికేళ్ళుగా ఇంట్లోనే నాలుగు వీధులకి జాకెట్లు కుడుతోంది.

పిన్ని ముందు గుడ్డ ముట్టుకోలేదు. పాత దినపత్రిక పరిచింది. మామూలుగా గుడ్డని మడతపెట్టి ముందు భాగాలు రెండూ ఒకేసారి కోస్తారు. కుడి ఎడమలు ఒకటేనన్నది ప్రతి కుట్టు పుస్తకం మొదటి నమ్మకం. "మడతపెట్టి కోస్తే అక్కకి పట్టదు. రెండు పక్కలూ ఇద్దరు మనుషులనుకుని గియ్యాలి" అంది. గుండె మధ్య ఎముక నుంచి పక్క కుట్టు దాకా కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత. భుజం నుంచి నడుము దాకా కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత అని విడివిడిగా కొలిచింది. ఎడమవైపు పొడవు కూడా తగ్గుతుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఎత్తు లేనప్పుడు దాన్ని దాటి రావడానికి గుడ్డ అక్కర్లేదు కదా. అక్కడ డాట్లు తీసేసింది. మెడ మధ్యలో తెరుచుకోకుండా ఒక అంగుళం పైకి జరిపింది. చంకలో గ్రంథులు కూడా తీసేయడం వల్ల అమ్మకి ఆ చెయ్యి సాయంత్రానికి వాచేది. అందుకని చేతి కొలత పొద్దున తీసుకోలేదు, సాయంత్రం దీపాలు పెట్టేవేళ మళ్ళీ వచ్చి తీసుకుంది. మచ్చ మీద కుట్టు ఒరుసుకోకుండా పక్క కుట్టుని వెనక్కి జరిపి, లోపల మెత్తబడిన పాత నూలుచీర లైనింగు వేసింది.

చంక దగ్గరే చిక్కొచ్చింది. వదులు చేస్తే ఉబ్బెత్తుగా నిలబడుతోంది, తగ్గిస్తే పట్టేస్తోంది. పిన్ని కాసేపు కాగితం వంక చూసి, "మా నాయనమ్మ రవికకి ఇక్కడ పలకలాంటి ముక్క ఉండేది" అని ఒక చదరపు ముక్క కోసి చంక కింద అతికింది. చెయ్యి తేలిగ్గా లేచింది. నేను పుస్తకాల్లో చదువుకున్న పాత రవిక చంకముక్క, పనికిరాదని ఎప్పుడో వదిలేసింది, మళ్ళీ అవసరం పడి మా ఇంట్లో మిషను మీదికి వచ్చింది.

లోపల దూది పెట్టే జేబు కుట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. దాని మీద నా దగ్గర అభిప్రాయాలు చాలానే ఉన్నాయి. స్త్రీదేహం ఎవరి చూపుకోసం నిండుగా కనిపించాలి అనే చర్చ మనకి కొత్త కాదు. అమ్మ మాత్రం పిన్నితో ఇలా అంది: "పైట ఎడమ భుజం మీదే కదే. ఆ పక్క ఏమీ లేకపోతే పిన్ను పెట్టినా జారుతుంది. బోర్డు మీద రాసేటప్పుడు నా చెయ్యి పైట మీదికి పోకూడదు. బడికి జేబుతో కుట్టు, ఇంట్లోకి అదేం లేకుండా కుట్టు." అలా రెండు నమూనాలు తయారయ్యాయి. బడి జాకెట్టుకి రెండు పక్కలా డాట్లు, లోపల జేబు. ఇంటి జాకెట్టుకి ఎడమవైపు చదును. ఏ రోజు ఏది అన్నది అమ్మ ఇష్టం.

ఆ తర్వాత ఒకరి నోట ఒకరు విని ఇంకో ముగ్గురు స్త్రీలు పిన్ని దగ్గరికి వచ్చారు. అందరికీ ఆ కాగితం సరిపోదు. మళ్ళీ గీస్తుంది. ఆ కాగితాలన్నీ చుట్టి రబ్బరుబ్యాండు వేసి మిషను సొరుగులో పెట్టుకుంది. వాటి మీద పేర్లు రాయదు. "కుడి", "ఎడమ", "సాయంత్రం కొలత", "ఇక్కడ వదులు" అని మాత్రమే రాస్తుంది. కూలి మామూలు జాకెట్టుకి ఎంతో దీనికీ అంతే. ఎక్కువ అడుగు పిన్నీ, దీనికి పట్టే సమయం వేరు కదా అంటే, "దానికీ రేటేమిటే" అంటుంది. మగ్గం వర్కు జాకెట్టుకి చీర కన్నా ఎక్కువ పోసే రోజులివి. బయటికి కనిపించే పూసల పనికి ధర ఉంది. లోపలి కుట్టుని మచ్చ మీదినుంచి అరంగుళం జరిపిన తెలివికి ధర లేదు. పిన్నిలాంటి వాళ్ళకి శిక్షణ పత్రం ఇచ్చే సంస్థలు, ఆస్పత్రులు పక్కపక్కనే ఉన్నా, ఈ పని నేర్పడం ఎవరి బాధ్యతా కాలేదు.

నిజానికి ఇలాంటి మార్పులు పెద్ద జబ్బుల దగ్గరే కాదు, మామూలు బతుకంతా ఉన్నాయి. చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు. అందులో చేతులు కూడా రావాల్సిందే. ఒళ్ళున్న స్త్రీకి అది చాలదు. చాలనిచోట చంకలో కనపడకుండా అతుకువేయడం, పట్టీకి వేరే గుడ్డ వాడటం కుట్టేవాళ్ళకి తెలుసు. పక్క కుట్టు లోపల అంగుళం గుడ్డ వదిలి, రేపటి ఒంటికోసం చోటు ఉంచడమూ తెలుసు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ పెళ్ళి జాకెట్టు ఉంటే లోపలికి తిప్పి చూడండి. పక్కన వరసగా రెండు మూడు కుట్లు, విప్పిన కుట్టు గుచ్చుల ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఒకటి కాన్పు తర్వాత వదులు చేసింది, ఒకటి చిక్కిపోయినప్పుడు బిగించింది. ఆమె ఎక్కడా రాసుకోని విషయాలు అక్కడ ఉన్నాయి.

1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర', తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటల్ని వాళ్ళ నోటినుంచే విని, చరిత్ర అంటే దస్తావేజులే కాదని మనకి నేర్పింది. ఆ దారిలో ఇంకో అడుగు వేసి, చేతులు చెప్పే చరిత్రని కూడా చేర్చుకోవాలని నా కోరిక. తిరువాన్కూరు రాజు ప్రకటన దస్తావేజుల్లో భద్రంగా ఉంది. బటరిక్ నమూనాలు మ్యూజియంలలో ఉన్నాయి. మన ఊళ్ళలో స్త్రీలు దినపత్రికల మీద గీసుకున్న కొలతలు మాత్రం ఏ ఏటికాయేడు పాతకాగితాల వాడికి తూకానికి వెళ్ళిపోతున్నాయి. మీ ఇంటి పక్కన కుట్టే ఆవిడ దగ్గర అలాంటి కాగితాలుంటే అడిగి చూడండి. వీలైతే ఆవిడ అనుమతితో ఒక నకలు తీసుకోండి. ఎవరికోసం గీసింది అని అడక్కండి. ఎక్కడ ఎందుకు మార్చావమ్మా అని అడగండి. ఆవిడ చెప్తుంది.